ఘాతాంకాలు: 2⁰ విలువ 1 ఎందుకు? పెద్ద ఘాతాలను చేత్తో లెక్కగట్టడం ఎలా?

కృష్ణలంక అమ్మ | శనివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మా పాప ఎనిమిదో తరగతి. ఇప్పుడు ఘాతాంకాల పాఠం నడుస్తోంది. న్యాయాలన్నీ గడగడా అప్పజెబుతుంది గానీ ఒక చోట మాత్రం మొండికేసి కూర్చుంది. 2³ అంటే రెండును మూడుసార్లు వేసి గుణించడం, అది సరే. 2⁰ అంటే రెండును ఒక్కసారి కూడా వేయలేదు, అంటే అక్కడ ఏమీ లేదు, మరి సున్నా రాకుండా 1 ఎందుకొచ్చింది అంటోంది. "రూల్ అంతే" అని ఫ్రెండ్ చెప్పిందట. దానికి తను ఒప్పుకోవడం లేదు. నేను చదివింది బైపీసీ, నాకూ విడమరిచి చెప్పడం రావట్లేదు.

ఇంకోటి, (−2)⁴ అంటే 16 అట, −2⁴ అంటే −16 అట. బ్రాకెట్ తీసేస్తే గుర్తు ఎందుకు మారాలి? సోమవారం యూనిట్ టెస్ట్. తనకన్నా నాకే టెన్షన్‌గా ఉంది.

బ్రాడీపేట కుర్రాడు | శనివారం, రాత్రి 9:32

అక్కా, టెస్ట్ సోమవారమే అయితే ఇప్పుడు "ఎందుకు" జోలికి పోవద్దు. భూమి (2³ లో కింద ఉన్న 2) ఒకటే అయితే గుణకారంలో ఘాతాంకాలు (పైన ఉన్న 3 లాంటివి) కూడాలి, భాగహారంలో తీసివేయాలి. ఘాతానికి మళ్లీ ఘాతం ఉంటే ఆ రెండు ఘాతాంకాలనూ గుణించాలి. ఘాతాంకం సున్నా అయితే జవాబు 1. ఇవి ఒక కాగితం మీద రాయించి లెక్కలు చేయించండి, మార్కులు వచ్చేస్తాయి. నేను గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను. మాకు లెక్క చూడగానే సూత్రం నోటికి రావాలి, ఆలోచించే టైమ్ ఉండదు.

లెక్కల మాస్టారు, గుంటూరు | శనివారం, రాత్రి 9:58

తమ్ముడూ, సూత్రం నోటికి రావాలన్నది నిజమే. కానీ ఆ అమ్మాయి అడిగింది చాలా మంచి ప్రశ్న. దాన్ని ఇప్పుడు దాటేస్తే రుణ ఘాతాంకం దగ్గర మళ్లీ అక్కడే ఆగిపోతుంది. అమ్మా, పాపతో ఇలా రాయించండి.

2⁴ = 16
2³ = 8
2² = 4
2¹ = 2

పైనుంచి కిందికి వస్తుంటే ఘాతాంకం ఒకటి తగ్గుతోంది, విలువ సగమవుతోంది. తర్వాతి వరుస 2⁰. రెండులో సగం ఎంతో తననే చెప్పమనండి. అక్కడితో ఆపకుండా ఇంకో వరుస రాయించండి. 2⁻¹ అంటే 1/2. దాని కింద 2⁻² అంటే 1/4. ఘాతాంకం రుణమైతే జవాబు కూడా రుణసంఖ్యే అనుకునే పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. ఈ వరుసలు తమ చేత్తో రాసుకున్నవాళ్లకు ఆ అనుమానం రాదు. తర్వాత 3 తో కూడా రాయించండి. 27, 9, 3 అని వచ్చాక మూడో వంతు చేస్తే మళ్లీ 1 దగ్గరికే వస్తుంది.

ఇక "ఏమీ లేకపోతే సున్నా కదా" అన్న మాట. అది కూడికలో నిజం. ఏమీ కూడకపోతే ఉన్న విలువ మారకూడదు, అందుకే కూడిక 0 నుంచి మొదలవుతుంది. గుణకారంలోనూ ఏమీ గుణించకపోతే ఉన్న విలువ మారకూడదు. మరి దేనితో గుణిస్తే విలువ మారదు? 1 తో. కాబట్టి 2³ ను 1×2×2×2 అని రాసుకోమనండి. రెళ్లన్నీ తీసేస్తే మిగిలేది ఆ 1.

అప్పటికీ ఒప్పుకోకపోతే 2⁰ ను 0 అనే అనుకోమనండి. 2³×2⁰ లో ఘాతాంకాలు కూడితే 2³, అంటే 8 రావాలి. విలువలు వేసి గుణిస్తే 8×0, అంటే 0 వస్తోంది. తను అప్పజెప్పే మొదటి న్యాయమే చెడిపోయింది. న్యాయం నిలబడాలంటే 2⁰ కు 1 తప్ప ఇంకో విలువ ఇవ్వలేం. ఇదంతా భూమి సున్నా కానప్పుడు చెప్పేది. భూమి 0 అయితే కిందికి దిగే ప్రతి వరుసలో 0 తో భాగించాల్సి వస్తుంది, అది కుదరదు.

గొల్లపూడి అకౌంటెంట్ | శనివారం, రాత్రి 10:15

బ్రాకెట్ సంగతి నేను చెబుతానండి. ఘాతాంకం తనకు ఆనుకుని ఉన్నదాన్నే పట్టుకుంటుంది. −2⁴ లో 4 ఆనుకుని ఉన్నది 2 కే. ముందు 2⁴ = 16 కట్టి, ఆ తర్వాత ముందున్న మైనస్ పెట్టాలి. (−2)⁴ లో బ్రాకెట్ మొత్తాన్ని పట్టుకుంది కాబట్టి మైనస్ రెండు నాలుగుసార్లు వస్తుంది. మైనస్‌లు జతలు జతలుగా పోయి +16 మిగులుతుంది. ఘాతాంకం బేసి అయితే ఒక మైనస్‌కు జత దొరకదు, అందుకే (−2)³ = −8.

ఒక జాగ్రత్త. కంప్యూటర్‌లో సరిచూసుకునేవాళ్లు గమనించండి. ఎక్సెల్‌లో =-2^4 అని కొడితే 16 చూపిస్తుంది, అక్కడ ముందున్న మైనస్‌కే పెద్దపీట. పైథాన్‌లో -2**4 అని ఇస్తే -16 వస్తుంది, అది మన పుస్తకం పద్ధతి. అలాగే 2 మీద 3, ఆ 3 మీద మళ్లీ 2 ఉంటే గణితంలో పైనుంచి కిందికి రావాలి. ముందు 3² = 9, తర్వాత 2⁹ = 512. ఎక్సెల్ =2^3^2 ను ఎడమ నుంచి చేసుకుంటూ పోయి 64 ఇస్తుంది. ఆఫీసులో షీట్లు చేసేవాళ్లు అనుమానం ఉన్న ప్రతిచోటా బ్రాకెట్ పెట్టడం మంచిది.

కృష్ణలంక అమ్మ | ఆదివారం, ఉదయం 8:20

మాస్టారు గారూ, చాలా థ్యాంక్సండీ. వరుసలు రాశాక పాప తనే 2⁻³ వరకు వెళ్లింది. 1 తో మొదలుపెట్టే మాట బాగా నచ్చింది తనకి. గొల్లపూడి వారు చెప్పిన మైనస్‌ల జత కూడా అర్థమైందట.

ఇప్పుడు కొత్తది పట్టుకుంది. అసలు ఇంత చిన్నగా రాసుకోవాల్సినంత పెద్ద సంఖ్యలు మనకు ఎక్కడ కావాలి అని. పుస్తకంలో సూర్యుడు, గ్రహాల దూరాలు ఉన్నాయి. అవి ఎక్కడో దూరంగా ఉన్నట్టుంది తనకి. మన ఊళ్లో ఏమైనా ఉంటే చెప్పండి.

డెల్టా ఇంజినీరు | ఆదివారం, ఉదయం 9:05

మీ ఇంటి పక్కనే ఉందమ్మా, కృష్ణ. పేపర్లో రోజూ రాసే టీఎంసీ అంటే వెయ్యి మిలియన్ ఘనపుటడుగులు. వెయ్యి 10³, మిలియన్ 10⁶. భూమి ఒకటే కాబట్టి కూడితే 10⁹, మన లెక్కలో వంద కోట్లు. ఒక ఘనపుటడుగులో 28 లీటర్లకు పైగా నీళ్లు పడతాయి. అంటే ఒక్క టీఎంసీ సుమారు 2.8×10¹⁰ లీటర్లు.

క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. రోజుకు 86,400 సెకన్లు, అంటే 8.64×10⁴. నదిలో లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 10⁵×8.64×10⁴ = 8.64×10⁹. అంటే 8.64 టీఎంసీలు. సున్నాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోనక్కర్లేదు, ఘాతాంకాలు కూడితే చాలు. మా ఉద్యోగంలో నోటి లెక్కంతా ఇదే.

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. 11 లక్షలు అంటే 1.1×10⁶. అది 24 గంటలు అలాగే పారితే 1.1×10⁶×8.64×10⁴ = 9.504×10¹⁰, అంటే 95 టీఎంసీలు. బ్యారేజీలో నిలవుండేది సుమారు 3 టీఎంసీలు. 3×10⁹ ను 1.1×10⁶ తో భాగిస్తే ఘాతాంకాల తేడా 3, కాబట్టి 2.7×10³ సెకన్లు. ముప్పావు గంట! అంత వరదను బ్యారేజీ "ఆపడం" అన్న మాటే ఉండదు. గేట్లన్నీ ఎత్తి కిందికి వదలాల్సిందే. అప్పట్లో జనం అడిగిన చాలా ప్రశ్నలకు జవాబు ఈ ఒక్క భాగహారంలో ఉంది. పాపతో తప్పకుండా చేయించండి.

కృష్ణలంక అమ్మ | ఆదివారం, ఉదయం 11:40

సార్, ఆ ముప్పావు గంట లెక్క మా ఇంట్లో అందరం మళ్లీ చేసి చూశామండీ. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడే.

ఇంకొక్కటి అడుగుతాను, విసుక్కోకండి. పది ఘాతాలైతే సున్నాలు వేస్తే అయిపోతుంది. 2²⁰ లాంటిది ఇస్తే ఎలా? పాప 2, 4, 8, 16 అనుకుంటూ పోయి నడిమధ్యలో లెక్క తప్పుతోంది.

ఛందోప్రియ | ఆదివారం, మధ్యాహ్నం 12:25

అమ్మా, ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. నేను తెలుగు పండితుణ్ని, తెనాలి వైపు. లెక్కల చర్చలో వీడికేం పని అనుకోవద్దు. 2²⁰ విలువ కట్టే పద్ధతి మొదట రాసింది ఛందస్సు కోసమే.

పద్యపాదంలో ప్రతి అక్షరం లఘువో గురువో కావాలి. ఒక్కో అక్షరానికి రెండు దారులు. మూడు అక్షరాలకు 2×2×2 = 8, అవే మనం బడిలో నేర్చుకున్న య, మ, త, ర, జ, భ, న, స గణాలు. ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలు. 20 అక్షరాల పాదాలు మొత్తం ఎన్ని రకాలుగా ఉండొచ్చు? 2²⁰. దీన్ని ఎలా కట్టాలో పింగళుడు రెండు వేల ఏళ్లకు పైబడ్డ తన ఛందశ్శాస్త్రంలో నాలుగు చిన్న సూత్రాల్లో చెప్పాడు. 10వ శతాబ్దంలో హలాయుధుడు వాటికి వ్యాఖ్య రాశాడు.

పద్ధతి ఇది. ఘాతాంకం సరిసంఖ్య అయితే సగం చేసి పక్కన "2" గుర్తు పెట్టుకో. బేసి అయితే ఒకటి తీసేసి "0" గుర్తు పెట్టుకో. సున్నా వచ్చేదాకా సాగించు.

20 సగం 10, గుర్తు 2
10 సగం 5, గుర్తు 2
5 లో ఒకటి తీస్తే 4, గుర్తు 0
4 సగం 2, గుర్తు 2
2 సగం 1, గుర్తు 2
1 లో ఒకటి తీస్తే 0, గుర్తు 0

ఇప్పుడు 1 తో మొదలుపెట్టి గుర్తులను కిందినుంచి పైకి చదవాలి. 0 ఉంటే రెట్టింపు, 2 ఉంటే వర్గం. 1 రెట్టింపు 2. వర్గం 4. వర్గం 16. రెట్టింపు 32. వర్గం 1024. వర్గం 10,48,576. అయిపోయింది. పాప లెక్క తప్పేంత పొడవే లేదు. మాస్టారు గారు చెప్పిన ఆ "1 తో మొదలు" ఇక్కడా ఉంది చూశారా!

ఇంకా ఉంది. ఆ పది లక్షల పైచిలుకు రకాల్లో ఉత్పలమాల ఎన్నోదో కూడా చెప్పొచ్చు. మన లక్షణ గ్రంథాలు 355799వ వృత్తం అంటాయి. అదెలాగంటే, ఉత్పలమాలకు గణాలు భ, ర, న, భ, భ, ర, వ. లఘువులు పడేది 2, 3, 5, 7, 8, 9, 11, 12, 14, 15, 17, 19 స్థానాల్లో. మొదటి స్థానం విలువ 2⁰, రెండోది 2¹, మూడోది 2², ఇలా ఇరవయ్యోది 2¹⁹. లఘువులున్న స్థానాల విలువలన్నీ కూడితే 355798 వస్తుంది. దానికి ఒకటి కలపాలి, అన్నీ గురువులైన పాదాన్ని మొదటిదిగా లెక్కిస్తారు కాబట్టి. ఓపికుంటే కూడి చూడండి, ఒక్కటి కూడా తేడా రాదు.

లెక్కల మాస్టారు, గుంటూరు | ఆదివారం, మధ్యాహ్నం 1:10

పండితుల వారికి నమస్కారం. కూడి చూశానండీ, సరిగ్గా 355798 వచ్చింది. ఇది లెక్కల క్లాసులో చెప్పాల్సిన పాఠం. పద్యం ఇష్టపడే పిల్లలు లెక్కలంటే భయపడుతుంటారు, వాళ్లకు ఇదొక దారి అవుతుంది.

రెండే కాదు, భూమి ఏదైనా ఈ పద్ధతి నడుస్తుంది. "రెట్టింపు" అన్నచోట "భూమితో గుణించు" అనుకోవాలి, అంతే. అమ్మా, పాపను 3¹³ చేసి చూడమనండి.

మిర్చి యార్డు గుమస్తా | ఆదివారం, సాయంత్రం 4:45

నాది గుంటూరు. చదువుతూ ఉంటే ఒక మాట చెప్పాలనిపించింది. ఘాతాంకాలు అర్థం కాక నష్టపోయేది పిల్లలు కాదండీ, అప్పు తీసుకునే రైతులు. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 2 శాతం. లక్ష తీసుకుంటే నెలకు రెండు వేలు, మూడేళ్లకు 72 వేలు అనుకుంటారు. కానీ ఏ నెల వడ్డీ ఆ నెల కట్టకపోతే అసలులో కలిపే చక్రవడ్డీ అయితే ప్రతి నెలా అప్పు 1.02 రెట్లవుతుంది. 12 నెలలకు 1.02¹².

పైన పండితులు గారు చెప్పినట్టే వర్గాలు కట్టుకుంటూ పోతాను. 1.02² = 1.0404. దాని వర్గం 1.0824, అది నాలుగు నెలలకు. దాని వర్గం 1.1717, ఎనిమిది నెలలకు. ఎనిమిదిని, నాలుగుని గుణిస్తే పన్నెండు నెలలకు సుమారు 1.2682. లక్షకు 1,26,824. మామూలు వడ్డీతో 1,24,000, ఏడాదికి తేడా మూడు వేల లోపే కాబట్టి ఎవరూ పట్టించుకోరు. మూడేళ్లకు అది 2,03,989, మామూలు వడ్డీతో 1,72,000. ఐదేళ్లకు 3,28,103, మామూలు వడ్డీతో 2,20,000. నోటు మీద సంతకం పెట్టేముందు "వడ్డీ అసలులో కలుస్తుందా, ఎన్నాళ్లకోసారి కలుస్తుంది" అని అడగండి. ఆ గడువు మారితే ఘాతాంకం మారుతుంది.

బ్రాడీపేట కుర్రాడు | ఆదివారం, సాయంత్రం 5:30

బాబాయ్ గారూ, ఐదేళ్ల సంఖ్య చూసి ఊళ్లో నాన్నకి ఫోన్ చేసి చెప్పాను.

మాస్టారు గారూ, మా పరీక్షల్లో 7¹⁰⁰ లో ఒకట్ల స్థానంలో ఏ అంకె ఉంటుంది అని అడుగుతారు. నేను చేసేది చెబుతాను. 7 ఘాతాల చివరి అంకెలు 7, 9, 3, 1, మళ్లీ 7, 9, 3, 1. నాలుగుకోసారి తిరిగి వస్తాయి. 100 ను 4 తో భాగిస్తే శేషం 0, కాబట్టి జవాబు 1. చివరి రెండు అంకెలు అడిగితే దీన్నే పొడిగించొచ్చా?

లెక్కల మాస్టారు, గుంటూరు | ఆదివారం, సాయంత్రం 6:05

పొడిగించొచ్చు. 7⁴ = 2401. 7¹⁰⁰ అంటే (7⁴)²⁵, అంటే 2401²⁵. చివర 01 ఉన్న సంఖ్యను 01 ఉన్న సంఖ్యతో ఎన్నిసార్లు గుణించినా చివర 01 మారదు. కాబట్టి జవాబు 01. నువ్వు నోటికి పెట్టుకున్న "ఘాతానికి ఘాతం" సూత్రమే ఇక్కడ పనిచేసింది. ఏ ఘాతాన్ని విడిగా తీస్తే చివర 01 వస్తుందో వెతకడం ఒక్కటే నీ పని.

గొల్లపూడి అకౌంటెంట్ | ఆదివారం, రాత్రి 8:15

పండితులు గారూ, చదరంగం గళ్లలో గింజలు రెట్టింపు చేసుకుంటూ పోయే కథ ఉంది కదా, దానికీ ఏదో తెలుగు పద్యం ఉందని విన్నాను. నిజమేనా?

ఛందోప్రియ | ఆదివారం, రాత్రి 8:50

ఉందండి. పావులూరి మల్లన పద్యంగా ప్రసిద్ధం. మల్లన 11వ శతాబ్దంలో మహావీరాచార్యుడి గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు. ఆ చంపకమాలలో అంకెలకు బదులు పదాలు ఉంటాయి. శర అంటే 5, శశి 1, షట్క 6, చంద్ర 1, శర 5, సాయక 5, రంధ్ర 9, వియత్ 0, నగ 7, అగ్ని 3, భూధర 7, గగన 0, అబ్ధి 4, వేద 4, గిరి 7, తర్క 6, పయోనిధి 4, పద్మజాస్య 4, కుంజర 8, తుహినాంశు 1. వీటిని కుడి నుంచి ఎడమకు పేర్చాలి. వచ్చేది 1,84,46,74,40,73,70,95,51,615.

మొదటి గడిలో 1, తర్వాత 2, 4, 8 అంటూ 64 గళ్లు. మొత్తం ఎప్పుడూ తర్వాతి గడికి ఒకటి తక్కువ. 1+2+4+8 = 15, తర్వాతి గడి 16. కాబట్టి అరవై నాలుగు గళ్ల మొత్తం 2⁶⁴ లో ఒకటి తక్కువ. 64 ను ఆరుసార్లు సగం చేస్తే 1 వస్తుంది, అందుకని 2 ను ఆరుసార్లు వర్గం చేస్తే 2⁶⁴. 4, 16, 256, 65536, 429,49,67,296, ఆ పైన చివర 616 వచ్చే ఇరవై అంకెల సంఖ్య. అందులో ఒకటి తీస్తే మల్లన పద్యంలోని సంఖ్య. ఇరవై అంకెల్లో ఒక్కటి కూడా జారకుండా, గణాలూ యతీ చెడకుండా పద్యంలో కూర్చాడంటే చదివిన ప్రతిసారీ చేతులు జోడించాలనిపిస్తుంది.

కృష్ణలంక అమ్మ | ఆదివారం, రాత్రి 9:20

పాప 3¹³ చేసేసిందండీ. గుర్తులు 0, 2, 2, 0, 2, 0 అని వచ్చాయి. కిందినుంచి 3, 9, 27, 729, 5,31,441, చివరికి 15,94,323. సరేనా మాస్టారూ?

తను ఇంకో ప్రశ్న కూడా వేసింది. ఈ పద్ధతి కన్నా తక్కువ గుణకారాలతో ఎప్పుడైనా చేయొచ్చా అని.

లెక్కల మాస్టారు, గుంటూరు | ఆదివారం, రాత్రి 9:45

15,94,323 సరైన జవాబు. పన్నెండు గుణకారాలు చేయాల్సిన చోట ఐదింటితో అయిపోయింది.

ఆ ప్రశ్న అడిగినందుకు పాపకు నా తరఫున శభాష్ చెప్పండి. చేయొచ్చు. ఘాతాంకం 15 దగ్గరే తేడా కనిపిస్తుంది. పింగళుడి దారిలో 2¹⁵ కు 2, 4, 8, 64, 128, 16384, 32768. చేతిలో 2 ఉన్నాక ఆరు గుణకారాలు. 15 ను 3×5 గా చూస్తే 2¹⁵ అంటే (2³)⁵. 2³ = 8 కు రెండు గుణకారాలు. తర్వాత 8² = 64, 64² = 4096, 4096×8 = 32768, ఇవి మూడు. మొత్తం ఐదు. అలాగని ఏ ఘాతాంకానికి అతి తక్కువ గుణకారాల దారి ఏదో చెప్పే సులువైన సూత్రమేమీ లేదు, వెతుక్కోవాల్సిందే. టెస్ట్ అయ్యాక పాపను 23 మీద ప్రయత్నించమనండి. పింగళుడి దారిలో ఏడు పడతాయి, ఆరింటిలో చేసే దారి ఒకటుంది.